సమర్థుని ఓటమి

ఓడిపోయిన మనిషిని గురించి మన నవల చాలాకాలంగా ఆలోచిస్తూనే ఉంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఓడిపోయాడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య ఓడిపోవడానికి కూడా భయపడుతూ బతికాడు. మొదటివాడి ఓటమికి మూలం అతని ఆలోచనకూ ఆచరణకూ మధ్య పడిన అగాధంలో ఉంది. రెండోవాడి పిరికితనానికి మూలం దిగువ మధ్యతరగతి గుమాస్తా బతుకులో ఉంది. వీళ్ళు కాక, భూస్వామి చేతిలోనో వడ్డీవ్యాపారి చేతిలోనో చితికిపోయిన పేదవాణ్ణి అభ్యుదయ సాహిత్యం తన ముఖ్య వస్తువుగా తీసుకున్నది. అక్కడ ఓడించినవాడి ముఖం మనకు స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే పని క్షుణ్ణంగా వచ్చినవాడు, ఆ పనికోసం యౌవనమంతా ఖర్చుపెట్టినవాడు, పిరికితనం గాని సోమరితనం గాని లేనివాడు, ఏ ఒక్క దుర్మార్గుడూ ప్రత్యేకంగా వచ్చి అణచకపోయినా ఓడిపోతే? ఆ ఓటమిని ఏ పేరుతో పిలవాలి? దాని కారణాన్ని మనిషి లోపల వెతకాలా, బయట వెతకాలా? విమర్శకుడికి ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి మనమిచ్చే జవాబును బట్టే మన పాత్రచిత్రణ ఉంటుంది.

ఈ ప్రశ్నను నా ముందు పెట్టిన పుస్తకం ఒక టెన్నిస్ ఆటగాడి ఆత్మకథ. పేరు ‘ది రాకెట్’. రాసినవాడు ఐర్లండుకు చెందిన కానర్ నైలాండ్. 2024లో వెలువడింది. ఆ ఏడాదే బ్రిటన్‌లో క్రీడా గ్రంథాలకు ఇచ్చే విలియం హిల్ బహుమతి దానికి వచ్చింది. నైలాండ్ జీవితంలో అందుకున్న అత్యున్నత ర్యాంకు 129. పేరులో ఉన్న శ్లేషను తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు. ఆటగాడి చేతిలోని బ్యాటునూ రాకెట్ అంటాం. ‘కిడ్నీ రాకెట్’ అని పత్రికల్లో చదివినప్పుడు, తెరవెనక నడిచే దగా వ్యాపారాన్నీ ఆ మాటతోనే అర్థం చేసుకుంటాం. రచయిత ఈ రెండర్థాలనూ కావాలనే ఉంచుకున్నాడు.

ఈ పుస్తకం మీద రాయాలనుకుంటున్నానని చెప్పినప్పుడు మా శాఖలోని మిత్రులొకరు నన్ను సూటిగా అడిగారు: “టెన్నిస్ కలవారి ఆట. మన పత్రికలో దానికి చోటెందుకు?” ఆక్షేపణ న్యాయమైనదే. నైలాండ్ పేదవాడు కాడు. ఇంగ్లండులోని మిల్‌ఫీల్డ్ అనే ఖరీదైన పాఠశాలలో చదివాడు. తర్వాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదివాడు. అతన్ని కూలివాడిగా చూపించే ప్రయత్నం నేను చేయను. కాని మిత్రుని ఆక్షేపణలో ఒక పొరపాటుంది. ఆట ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ ఆటలో శ్రమ ఎవరిది, ఆ శ్రమ ఫలం ఎవరిదన్నది మరొక ప్రశ్న. పట్టుచీర కట్టేది కలవారు గనక, నేసేవాడి బతుకు మనకు అనవసరమని మనమెప్పుడూ అనలేదు.

నిచ్చెన

ముందు ఈ వృత్తి నిర్మాణం తెలియాలి. అది తెలియకుండా పుస్తకంలోని మనిషి అర్థం కాడు.

పురుషుల టెన్నిస్‌లో కంప్యూటరు లెక్కించే ర్యాంకుల పద్ధతి 1973 ఆగస్టులో మొదలయింది. అంతకుముందు ఏ పోటీలో ఎవరిని ఆడనివ్వాలన్నది నిర్వాహకుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడేది. పక్షపాతం లేకుండా అంకె ప్రకారమే అవకాశం రావాలని ఆటగాళ్ళే కోరుకున్నారు. అంటే పుట్టుకలో ఇది ఒక ప్రజాస్వామిక సంస్కరణ. ఆ సంస్కరణే క్రమంగా మనిషిని తూచే కాటా అయి కూర్చుంది.

ఆ అంకెల నిచ్చెనకు మూడు అంతస్తులున్నాయి. పైన ఏటీపీ పోటీలు, గ్రాండ్ స్లాములు. స్థూలంగా మొదటి వందమంది లోకం. టెలివిజన్‌లో మనం చూసే టెన్నిస్ ఇంతవరకే. దాని కింద చాలెంజర్ పోటీలు. వంద నుంచి మూడువందల దాకా ర్యాంకులవాళ్ళు అక్కడ తిరుగుతారు. అట్టడుగున, నైలాండ్ ఆడిన రోజుల్లో ఫ్యూచర్స్ అనే పోటీలుండేవి. ప్రేక్షకులు లేని ఊళ్ళలో, పేరు తెలియని క్లబ్బుల్లో అవి జరిగేవి. వేలమంది యువకులు మొదటి మెట్టు కోసం తోసుకునేది అక్కడే.

పాయింట్లు సంపాదిస్తే చాలదు. వాటికి 52 వారాల ఆయుష్షు మాత్రమే ఉంది. కిందటేడు ఈ వారంలో గెలిచి తెచ్చుకున్న పాయింట్లు ఈ ఏడు అదే వారానికి రాలిపోతాయి. అంత గెలుపు మళ్ళీ గెలిస్తేనే మనిషి ఉన్నచోట ఉంటాడు. గాయపడి ఆరునెలలు మంచం పడితే ర్యాంకు కూడా మంచం పడుతుంది. విత్తనం, ఎరువు తానే కొనుక్కుని, ఏటా కౌలు కట్టి, ఏటా కొత్తగా పంట పండించుకోవలసిన కౌలురైతు స్థితి ఇది. పోలికను ఎక్కడిదాకా లాగవచ్చో తర్వాత చూద్దాం.

ఇక ఫలితం సంగతి. ఆ రోజుల్లో ఫ్యూచర్స్‌లో అన్నిటికన్నా చిన్న పోటీ మొత్తం బహుమతి 10,000 డాలర్లు ఉండేది. మొదటి రౌండులో ఓడినవాడికి దక్కేది 117 డాలర్ల 50 సెంట్లు. వారమంతా ఆడి, ఒక్క ఆటా ఓడకుండా కప్పు గెలిచినవాడికి వచ్చేది 1,300 డాలర్లు. అందులోనూ పన్ను కోసుకుంటారు. విమానం టిక్కెట్టు, హోటలు గది, తిండి, రాకెట్లకు తీగలు బిగించిన కూలి, అన్నీ ఆటగాడివే. శిక్షకుణ్ణి వెంట తిప్పుకోవాలంటే ఈ ఖర్చులన్నీ రెండింతలు. పైగా అతని జీతం. కనక ఎక్కువమంది ఒంటరిగా తిరుగుతారు.

టెన్నిస్‌లో అవినీతిపై విచారణకు నియమించిన స్వతంత్ర సమీక్షా సంఘం 2018లో నివేదిక ఇచ్చింది. నామమాత్రంగా 15,000 మంది వృత్తి ఆటగాళ్ళుంటే, రాబడితో ఖర్చు వెళ్ళదీసుకోగలిగినవాళ్ళు 250 నుంచి 350 మందేనని ఆ నివేదిక తేల్చింది. మిగిలినవాళ్ళు ఎదురు డబ్బు పెట్టుకుని పనిచేస్తున్నారన్నమాట. ఆ డబ్బు తండ్రిది కావచ్చు, దేశపు టెన్నిస్ సంఘం ఇచ్చింది కావచ్చు, అప్పు కావచ్చు.

పనిచేసినందుకు ఎదురు డబ్బిచ్చే మనిషిని ఏ వర్గంలో లెక్కించాలి? మన అర్థశాస్త్ర పాఠాల్లో ఇతనికి సిద్ధంగా ఉన్న గది లేదు. ఇతనికి యజమాని లేడు, వేతనం లేదు. పనిముట్టు ఇతని సొంతం. ఆ లెక్కన స్వతంత్రుడు. కాని ఎక్కడ ఆడాలో, ఎప్పుడు ఆడాలో, ఎంతకు ఆడాలో ఒక్కటీ ఇతని చేతిలో లేదు. ఇతని ఓటమి లేకపోతే పైవాడి గెలుపు లేదు, పైవాడి గెలుపు లేకపోతే వ్యాపారం లేదు. నిచ్చెనకు కింది మెట్లు లేకుండా పై మెట్టు గాలిలో నిలవదు కదా. పరిశ్రమకు నిరుద్యోగుల రిజర్వు సైన్యం ఎందుకవసరమో, ఈ ఆటకు ఈ పద్నాలుగువేల పైచిలుకు మంది అందుకే అవసరం.

ఆ నివేదిక ఇంకొక సంగతి కూడా బయటపెట్టింది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి కింది అంతస్తు ఆటల స్కోరును, పాయింటు వెంట పాయింటు, ఒక వ్యాపార సంస్థకు అమ్మింది. ఆ స్కోరు జూద సంస్థలకు చేరింది. ఒక్క ప్రేక్షకుడైనా లేని మైదానంలో ఇద్దరు ఆడుతుంటే, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఆ ప్రతి పాయింటు మీదా పందేలు కాయగలిగారు. కింది అంతస్తులో ఆటలు అమ్ముడుపోవడానికి ఈ ఏర్పాటు ఒక ముఖ్య కారణమని సమీక్షా సంఘమే చెప్పింది. ఆడేవాడికి ఆ ఆట నూటపదిహేడు డాలర్లు. ఆ ఆటను సరుకుగా మార్చినవాళ్ళకు లక్షలు. ‘రాకెట్’ అన్న మాటకు రెండో అర్థం ఇక్కడే పూర్తిగా తెలుస్తుంది.

రెండు రోజులు

ఇప్పుడు ఈ నిచ్చెన మీద నైలాండ్ ఎక్కడ ఉన్నాడో చూద్దాం.

అతను 1981లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు, ఐర్లండులోని లిమరిక్‌లో పెరిగాడు. కుర్రవాడిగా ఫ్లోరిడాలోని బొలెటియెరి అకాడమీలో సెరీనా విలియమ్స్‌తో కలిసి సాధన చేశాడు. అదే వయసులో రోజర్ ఫెదరర్‌తో తలపడ్డాడు. చదువు ముగించుకుని వృత్తి ఆటలోకి దిగి, అట్టడుగు అంతస్తు నుంచి మెట్టు మెట్టే ఎక్కాడు. 2011లో వింబుల్డన్ క్వాలిఫయింగ్ పోటీలు నెగ్గి అసలు పోటీలోకి వచ్చాడు. 1980లో షాన్ సోరెన్సన్ తర్వాత అంతదాకా వచ్చిన ఐర్లండు పురుషుడు అతనే.

ఆ మొదటి రౌండులో ఎదురయినవాడు ఫ్రాన్సుకు చెందిన అడ్రియన్ మన్నారినో. ఆట అయిదో సెట్టుదాకా వెళ్ళింది. అయిదో సెట్టులో నైలాండ్ 4–1 ఆధిక్యంలో ఉన్నాడు. ఇంకో రెండు గేములు గెలిస్తే రెండో రౌండులో ఎదురయ్యేది ఫెదరర్. ఆ రెండు గేములు రాలేదు. వరసగా అయిదు గేములు పోయాయి, 6–4తో సెట్టు పోయింది. ఫెదరర్‌తో ఆడి ఓడే భాగ్యం మన్నారినోకు దక్కింది.

అదే ఏడాది అమెరికన్ ఓపెన్‌కు కూడా అర్హత సంపాదించాడు. ఈసారి మొదటి రౌండులోనే ప్రపంచంలో మొదటి ర్యాంకువాడు నొవాక్ జొకోవిచ్. మైదానం న్యూయార్కులోని ఆర్థర్ యాష్ స్టేడియం. అంతకన్నా పెద్ద టెన్నిస్ రంగస్థలం లేదు. తీరా ఆ రోజుకు తిన్న తిండి విషమై, కడుపులో బలం లేకుండా మైదానంలోకి దిగాడు. 0–6, 1–5 వద్ద ఆట విరమించుకున్నాడు. 2012లో తుంటి గాయంతో వృత్తే విరమించుకున్నాడు.

ఈ రెండు రోజులూ ఏ రచయిత చేతిలోనైనా ఎలా తయారవుతాయో ఊహించండి. మొదటిదాన్ని స్వభావలోపంగా మలచవచ్చు: గెలుపు గుమ్మంలో చేతులు వణికిన మనిషి. రెండోదాన్ని విధిగా మలచవచ్చు: జీవితానికి ఒక్కసారి వచ్చిన అవకాశాన్ని అపక్వమైన ఒక ముద్ద చెడగొట్టింది. బూర్జువా విషాద కథకు ఇవే రెండు సాధనాలు, స్వభావం లేదా విధి. నైలాండ్ ఈ రెంటినీ దాచడు. చేతులు బిగుసుకున్న మాటను గాని, కడుపునొప్పిని గాని దాటవేయడు. కాని వాటి మీద కథను నిలబెట్టడు. అతని పుస్తకం బరువంతా ఈ రెండు రోజుల చుట్టూ ఉన్న వందలాది మామూలు రోజుల మీద ఉంది. విమానాశ్రయాలు, చవక హోటళ్ళు, సాధనకు తోడెవరైనా దొరుకుతారేమోనని అడుక్కోవడం, మంగళవారం ఓడిపోయి శనివారం దాకా పరాయి ఊళ్ళో ఏం చేయాలో తోచకపోవడం. ఆ రోజులను చదివినవాడికి 4–1 దగ్గర ఏం జరిగిందో వేరే వివరణ అక్కరలేదు. పైవాడికి వింబుల్డన్‌లో ఒక సెట్టు ఒక సెట్టే. అట్టడుగు నుంచి వచ్చినవాడికి ఆ సెట్టులో పదేళ్ళ ఖర్చు ఉంది. ఇద్దరి చేతులూ ఒకే రకంగా ఆడాలని అడగడం న్యాయం కాదు. మనిషి లోపల వణుకు పుట్టిన చోటికీ బయట ఉన్న లెక్కల పుస్తకానికీ ఉన్న సంబంధాన్ని చూపించడమే వాస్తవికత.

ఆ లెక్క కూడా చూద్దాం. 2011 వింబుల్డన్‌లో విజేతకు 11 లక్షల పౌండ్లు, మొదటి రౌండులో ఓడినవాడికి 11,500 పౌండ్లు. దాదాపు 95 రెట్లు తేడా. అయినా ఆ 11,500 పౌండ్లు ఫ్యూచర్స్‌లో అనేకసార్లు కప్పు గెలిచినా రాని డబ్బు. 2025 నాటికి విజేతకు 30 లక్షలు, మొదటి రౌండువాడికి 66,000 పౌండ్లు అయింది. తేడా 45 రెట్లకు తగ్గింది. ఇది మార్పే, కాదనను. అయితే ఈ మార్పు గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్ళకు. గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకు కాదు.

శిల్పం

క్రీడాకారుల ఆత్మకథలకు ఒక అచ్చు ఉంది. కష్టాల బాల్యం, కఠినమైన తండ్రి లేదా గురువు, తొలి దెబ్బ, పట్టుదల, చివరికి విజయం. మొదటి పేజీ చదివేటప్పటికే చివరి పేజీ మనకు తెలుసు, అట్టమీద కప్పు పట్టుకున్న బొమ్మ ఉంటుంది గనక. 2009లో వచ్చిన ఆండ్రీ అగస్సీ ‘ఓపెన్’ ఈ అచ్చును కొంత పగలగొట్టింది. తనకు అన్నీ ఇచ్చిన ఆటను తాను ద్వేషించానని అతను చెప్పడం పెద్ద సంచలనమయింది. కాని అది గెలిచినవాడి ద్వేషం. గెలిచినవాడు ఆటను ద్వేషించానంటే లోకం దాన్ని లోతు అంటుంది. ఓడినవాడు అదే మాటంటే ఉక్రోషమంటుంది.

నైలాండ్‌కు ఈ చిక్కు తెలుసు. అందుకే అతను ఉక్రోషం దరిదాపులకు పోడు. హాస్యాన్ని ఆశ్రయించాడు. తన మీద తాను నవ్వుకునే ఆ హాస్యం చాలాచోట్ల పుస్తకాన్ని నిలబెట్టింది. ర్యాంకులవారీ అంతస్తులు మనుషుల పలకరింపుల్లోకి ఎలా దిగుతాయో చూపించినచోట అతని చూపు నవలా రచయిత చూపు. దుస్తులు మార్చుకునే గదిలో ఎవరు ఎవరికి తల ఊపుతారు, ఎవరు ఎవరి పక్కన కూర్చోరు అన్నవి అతని దృష్టి దాటిపోలేదు. మనకు కులం చేసే పని అక్కడ అంకె చేస్తున్నది. ఒక్క తేడా, ఆ అంకె ప్రతి సోమవారమూ మారుతుంది. మారుతుందన్న ఆశే మనిషిని అందులో కట్టిపడేస్తుంది.

ఇక్కడ మరొక రచనతో పోల్చడం అవసరం. అమెరికన్ రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1995లో మాంట్రియల్‌లో జరిగిన కెనడియన్ ఓపెన్‌లో మైకేల్ జాయిస్ అనే ఆటగాణ్ణి వెంబడించి, 1996లో ‘ఎస్క్వైర్’ పత్రికలో సుదీర్ఘ వ్యాసం రాశాడు. జాయిస్ అప్పటి ర్యాంకు 79. వాలెస్ కూడా చిన్నప్పుడు ఇల్లినాయ్‌లో పోటీ టెన్నిస్ ఆడినవాడు. తనకూ 79వ వాడికీ మధ్య దూరం కొలవలేనిదని గ్రహించడం ఆ వ్యాసంలో కీలకమైన ఘట్టం. ప్రతిభ విషయంలో అంత నిజాయితీ గల రచన అరుదు. డబ్బు సంగతి అతను చూడలేదని కాదు. కాని అతన్ని ఆకర్షించింది వేరే: ఒక్క పనికోసం మిగతా జీవితమంతా వదులుకున్న మనిషిలోని ఏకాగ్రత. అది అతనికి సన్యాసంలా కనిపించింది. ఆ ఏకాగ్రతకు వెరగుపడ్డాడు, జాలీ పడ్డాడు.

వాలెస్ వ్యాసం శిల్పరీత్యా నైలాండ్ పుస్తకం కన్నా గొప్పది. ఆ మాట ఒప్పుకోవాలి. కాని బయటినుంచి చూసేవాడికి సన్యాసంగా కనిపించింది లోపల ఉన్నవాడికి సన్యాసం కాదు. సన్యాసి దేన్నీ ఆశించడు. ఇతను వచ్చే వారం హోటలు గదికి సరిపడా డబ్బు ఆశిస్తున్నాడు. శ్రమను తపస్సుగా చూడడం మధ్యతరగతి రచయితకు పాత అలవాటు. మన సాహిత్యంలో కూడా నేతగాణ్ణి, కుమ్మరిని, రైతును ఇలాగే తపస్విని చేసి, అతని అప్పుపత్రాన్ని చూడకుండా నమస్కారం పెట్టి వెళ్ళిపోయిన రచనలు కొల్లలు. నమస్కారం అందుకున్నవాడు తన అప్పుపత్రం తానే చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో నైలాండ్ పుస్తకం అలా ఉంది. వాక్యం కొన్నిచోట్ల పలచగా ఉన్నా దాని విలువ అక్కడ ఉంది.

లోపించినది

ఇంత చెప్పాక నా అసంతృప్తి కూడా చెప్పాలి. అది లేకపోతే ఇది విమర్శ కాదు, పొగడ్త.

పుస్తకం ఉపశీర్షికలో రచయిత టెన్నిస్ స్వర్ణతరాన్నీ, ‘మిగిలిన 99 శాతాన్నీ’ పేర్కొన్నాడు. ఆ మాట వినగానే ఒక ‘మేము’ మన చెవిలో పడుతుంది. లోపలికి వెళితే ఆ ‘మేము’ ఎక్కడా లేదు. ఉన్నది ‘నేను’. తొంభైతొమ్మిదిమంది పక్కపక్క గదుల్లోనే పడుకుంటారు, ఒకే బస్సులో మైదానానికి వెళతారు, ఒకే వానకు ఆట ఆగిపోయి ఒకే బల్లమీద కూర్చుంటారు. అయినా వాళ్ళు కలవరు. ఒకడి పాయింటు ఇంకొకడి దగ్గర నుంచి లాక్కున్నదే గనక కలవలేరు. ఇది రచయిత తప్పు కాదు, ఆ బతుకు స్వభావమే అంత అనవచ్చు. నిజమే. కాని ఆ స్వభావం మారరానిదా?

ఆట చరిత్ర మారుతుందనే చెబుతున్నది. 1973లో యుగోస్లావియా ఆటగాడు నికి పిలిచ్‌పై విధించిన నిషేధానికి నిరసనగా 81 మంది ఆటగాళ్ళు వింబుల్డన్‌ను బహిష్కరించారు. ఆ బహిష్కరణ నడిపిన ఏటీపీ అప్పటికి ఏడాది కూడా నిండని ఆటగాళ్ళ సంఘం. కాలక్రమాన అదే ఏటీపీ పోటీల నిర్వాహకులతో కలిసి ఆటను నడిపే సంస్థగా మారింది. 2020లో జొకోవిచ్, పోస్పిసిల్ కలిసి వేరే ఆటగాళ్ళ సంఘం పెట్టవలసి వచ్చింది. ఆ సంఘం 2025 మార్చిలో ఆటను నడిపే సంస్థలపై న్యూయార్కు కోర్టులో దావా వేసింది. ఈ మధ్యలో, 2024 నుంచి, ఏటీపీ ఒక కనీస ఆదాయ పథకం తెచ్చింది. మొదలైన ఏడాది లెక్క ప్రకారం మొదటి వందమందికి మూడు లక్షల డాలర్లు, 101 నుంచి 175 దాకా లక్షన్నర, 176 నుంచి 250 దాకా 75,000. ఆదాయం అంతకు తగ్గితే తక్కువపడినంత సంస్థ భర్తీ చేస్తుంది. 129వ ర్యాంకువాడు ఈ రోజు ఆడుతుంటే ఈ పథకం కిందికి వస్తాడు. 251వ వాడు రాడు. గీత జరిగింది, చెరిగిపోలేదు.

నైలాండ్ ఆట 2012లోనే ముగిసింది గనక ఇవన్నీ అతని అనుభవంలోవి కావు. కాని పుస్తకం 2024లోది. కథ చెప్పేవాడు కథలో ఉన్నవాడికన్నా పన్నెండేళ్ళు పెద్దవాడు. ఆ పన్నెండేళ్ళ ఎరుక వ్యవస్థను గుర్తించడం దాకా వచ్చి, దాన్ని మార్చగల శక్తి ఏదో వెతికే దాకా రాలేదు. వ్యవస్థ ఇలా ఉంది, నేనిలా ఉన్నాను, అయినా ఆడినందుకు సంతోషమే అన్న చోట ఆగింది. నిజాయితీగా చిత్రించడం మొదటి మెట్టు. ఆ మెట్టుకు విలువ ఇస్తూనే, అది చివరి మెట్టు కాదని చెప్పడం మన బాధ్యత.

పుట్టిన దేశం ప్రభావాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. నాలుగు గ్రాండ్ స్లాములూ ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాలవి. ర్యాంకు చాలకపోయినా నేరుగా ప్రవేశమిచ్చే వైల్డ్ కార్డులు ఆ దేశాల చేతిలో ఉన్నాయి. సొంత కుర్రాళ్ళకు ఇచ్చుకోగా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, అమెరికా సంఘాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి కూడా. అదే 129వ ర్యాంకు అమెరికన్‌దయితే ఒక లెక్క, ఐరిష్‌వాడిదయితే ఇంకో లెక్క. అంకె నిష్పాక్షికమన్న మాటకు ఇదొక్కటి చాలు జవాబు.

మనకు

ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు గుర్తొచ్చిన పేరు సాకేత్ మైనేని. ఉయ్యూరులో పుట్టి, విశాఖపట్నం కేంద్రంగా ఎదిగిన ఆటగాడు. నైలాండ్ లాగే అమెరికా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు, అతనిది అలబామా. నైలాండ్ అత్యున్నత ర్యాంకు 129 అయితే సాకేత్‌ది 137. నైలాండ్ లాగే అమెరికన్ ఓపెన్ క్వాలిఫయింగ్ నెగ్గి, 2016లో అసలు పోటీలోకి వచ్చాడు. మొదటి రౌండులో చెక్ ఆటగాడు యిరీ వెసెలీతో కండరాలు పట్టేస్తున్నా అయిదు సెట్లు పోరాడి ఓడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిశ్రమ డబుల్స్ స్వర్ణం గెలిచినప్పుడు పత్రికలు అతన్ని తలకెత్తుకున్నాయి. మిగిలిన వందల వారాల గురించి మన భాషలో ఒక కథ గాని, ఒక పుస్తకం గాని నేను చూడలేదు.

2023 సెప్టెంబరులో సుమిత్ నాగల్ చెప్పిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి అతను సింగిల్స్‌లో దేశంలో మొదటివాడు. బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలు, అంటే సుమారు 80,000 రూపాయలు అన్నాడు. నాలుగు నెలలకు, 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సీడెడ్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించాడు. గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో భారత పురుషుడొకడు సీడెడ్ ఆటగాణ్ణి ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత అదే మొదలు. అప్పుడు అందరూ 80,000 రూపాయల మాటను విజయగాథలో మొదటి అధ్యాయంగా రాసేశారు. ఆ ఆట ఓడిపోయి ఉంటే? ఆ మాట ఏ గాథలోకీ రాకుండా పోయేది. పేదరికం గెలుపుకు ముందు వస్తేనే దానికి సాహిత్య గౌరవం. గెలుపు రాకపోతే అది ఒట్టి లెక్క.

నేను బడిపంతులును. నా జిల్లాలో తెలుగు చెప్పేవాళ్ళలో నేను ఎన్నోవాణ్ణో ఎవరూ లెక్క కట్టలేదు. అందుకే ప్రతి నెలా జీతం వస్తున్నది. ప్రపంచం మొత్తంలో నాకన్నా బాగా తెలుగు పాఠం చెప్పగలవాళ్ళు నూట ఇరవై ఎనిమిదిమందే ఉన్నారని ఎవరైనా రుజువు చేస్తే ఊరేగిస్తారు. వైద్యుడయినా, వడ్రంగి అయినా అంతే. 129వ వడ్రంగికి పని దొరకదా? అంకె మనిషిని చంపదు. బతుకుతెరువును అంకెకు కట్టేసిన ఏర్పాటు చంపుతుంది. ఆ ఏర్పాటు ఒక్క టెన్నిస్‌లోనే లేదు. పోటీ పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో కళాశాలలు అచ్చువేసుకునే అంకెలను చూడండి. పదోవాడి ఫోటో ఉంటుంది. పదివేలవాడు ఫీజు కట్టాడు, అతని ఫోటో ఉండదు. వాడి ఫీజు లేకుండా ఆ ప్రకటన లేదు. వాడి కథ మనలో ఎవరు రాశారు?

కౌలురైతు పోలిక దగ్గరికి మళ్ళీ వస్తాను. నైలాండ్‌కు చేతిలో డిగ్రీ ఉంది, వెనక కుటుంబం ఉంది. ఆట మానేసినా బతికాడు, తర్వాత డేవిస్ కప్‌లో తన దేశపు జట్టుకు నాయకత్వం వహించాడు, పుస్తకం రాశాడు. కౌలురైతుకు ఆ రెండో అంకం లేదు. పోలిక అక్కడితో ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. కాని రెండవ అంకం ఉన్నవాడి ఓటమే ఇంత నలిగి ఉంటే, అది లేనివాడి ఓటమి ఎలా ఉంటుంది? ఊరి కబడ్డీ జట్టునుంచి జిల్లాకు, జిల్లానుంచి రాష్ట్రానికి వెళ్ళి, దేశపు జట్టు గుమ్మం దగ్గర ఆగిపోయి తిరిగొచ్చిన పిల్ల. నాటక సమాజంలో ముప్పయ్యేళ్ళు రెండో వేషమే కట్టినవాడు. నాలుగుసార్లు గ్రూప్ వన్ రాసి ఇంటర్వ్యూదాకా వెళ్ళి వచ్చినవాడు. వీళ్ళు అసమర్థులు కారు, అల్పజీవులు కారు. వీళ్ళను ఆ పాత పేర్లతో పిలిచినంతకాలం తప్పును వాళ్ళ లోపలే వెతుకుతూ ఉంటాం.

కొత్తగా రాస్తున్న మిత్రులకు నేను చెప్పదలచింది ఇదే. సమర్థుడై ఓడినవాడి కథ రాసేటప్పుడు చివర్లో వాణ్ణి గెలిపించకండి, అది ఓదార్పు. వాణ్ణి చంపకండి, అది సులువు. వాడు ఎంత ఖర్చుపెట్టాడో, ఆ ఖర్చు ఎవరి జేబులోకి వెళ్ళిందో, పక్కనే అదే ఖర్చు పెడుతున్న ఇంకొకడితో వాడెందుకు మాట్లాడలేకపోయాడో రాయండి. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజు ఎలా ఉంటుందో నైలాండ్ రాయలేదు. అది రాయవలసిన పని ఇంకా మిగిలే ఉంది.